బట్టల కొట్లో చంటిబిడ్డ తల్లి

ప్రశ్న: మాకు బట్టల కొట్టు ఉంది. ఈ మధ్య పెళ్ళి బట్టలకు వచ్చిన ఒక కుటుంబంలో మూడు నెలల బిడ్డ తల్లి ఉంది. బేరాలతో నాలుగు గంటలు గడిచాయి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఎవరో పంచదార నీళ్ళు పట్టారు. చివరికి ఆ అమ్మాయి మరుగుదొడ్డిలోకి వెళ్ళి, నిలబడే పాలిచ్చి వచ్చింది. మా ఆవిడ అది చూసి చాలా బాధపడింది. మాది చిన్న కొట్టు. ఇలాంటి తల్లుల కోసం ఏం చేయగలం?
— ఒక వ్యాపారి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీకూ, మీ ఆవిడకూ ఈ ఆలోచన కలిగినందుకు సంతోషం. ఇది చూడటానికి వ్యాపార విషయంలా ఉన్నా, నిజానికి తల్లీబిడ్డల ఆరోగ్య విషయం.

ఆ వయసు బిడ్డకు సాధారణంగా రెండు మూడు గంటలకొకసారి పాలు కావాలి. వేళ తప్పితే బాధ బిడ్డ ఒక్కడిదే కాదు. తల్లికి రొమ్ములు బిగిసి, రాయిలా గట్టిపడి సలుపుతాయి. పాలు నిలిచిన చోట గడ్డలా కట్టి, ఎర్రబడి, చలిజ్వరం రావచ్చు. అలా వస్తే పాలివ్వడం మానకుండానే డాక్టరుకు చూపించుకోవాలి. తరచూ వేళ తప్పుతూ ఉంటే పాలు కూడా తగ్గిపోతాయి.

పంచదార నీళ్ళు పట్టడం పొరపాటు. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలే చాలు. మండువేసవిలో కూడా విడిగా నీళ్ళు అక్కరలేదు. పాలలో ఎక్కువ భాగం నీరే. బయటి నీళ్ళు పడితే విరేచనాలు పట్టుకునే ప్రమాదం ఉంది.

ఇక మీ ఏర్పాటు సంగతి. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు మూల ఒకటి చాలు. లోపల గడియ ఉన్న తలుపు, లేదా మందపాటి తెర ఉండాలి. వీపుకు ఆనుకునే చేతుల కుర్చీ, కాళ్ళ కింద చిన్న పీట, ఒక ఫ్యాను, తాగడానికి మంచినీళ్ళు పెట్టండి. చేతులు కడుక్కోవడానికి కుళాయి, సబ్బు దగ్గరలోనే ఉండాలి. బట్టలు తొడిగి చూసుకునే గది దీనికి పనికిరాదు. ఎవరో తలుపు తడుతూ ఉంటే తల్లికి కంగారు, కంగారులో పాలు సరిగా దిగవు. మరుగుదొడ్డి అసలే వద్దు. మనం అన్నం తినని చోట బిడ్డ పాలెందుకు తాగాలి?

బిడ్డకు గుడ్డలు మార్చడానికి నేల మీద శుభ్రమైన చాప వేయండి. బల్ల మీద పడుకోబెడితే, నాలుగు నెలల బిడ్డ ఒక్కసారి దొర్లితే చాలు, కిందపడతాడు. పాలడబ్బాల ప్రకటనలు ఆ గదిలో అంటించనివ్వకండి. 1992 నాటి చట్టం అలాంటి ప్రచారాన్ని నిషేధించింది.

మీ కొట్టుకే ప్రత్యేకమైన ప్రమాదం ఇంకొకటి ఉంది: కలరా ఉండలు. పాకే పిల్లలు తెల్లని ఉండ కనిపిస్తే పిప్పరమెంటనుకుని నోట్లో వేసుకుంటారు. నాఫ్తలీన్ ఉండ మింగితే, పుట్టుకతో ఒక రకం ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, కామెర్లు, తీవ్రమైన రక్తహీనత వస్తాయి. మింగినట్టు అనుమానం కలిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆ ఉండలు, గుండుసూదులు, పాలిథిన్ సంచులు పిల్లల చేతికి అందని ఎత్తులో ఉంచండి.

తల్లులకూ ఒక మాట. బయలుదేరే ముందు బిడ్డకు పాలివ్వండి. వేళ కాగానే "కాస్త చోటు చూపించండి" అని మొహమాటం లేకుండా అడగండి. అత్తగార్లు, ఆడపడుచులు చీరలు చూస్తూ ఉండవచ్చు. బిడ్డ ఆకలి మాత్రం ఆగదు.

బహిరంగ స్థలాల్లో పాలిచ్చే గదులు ఏర్పాటయ్యేలా చూడాలని 2025లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. మీరు ఎవరూ చెప్పకుండానే అడిగారు. గది పూర్తయ్యాక "పాలిచ్చే తల్లులకు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి. బోర్డు కనిపిస్తే అడగడానికి సిగ్గుపడే తల్లి కూడా లోపలికి వెళుతుంది.