గోడలోని గూడు

పాతబస్తీలోని పూర్వకాలపు ఇళ్లలో అల్మారీ అంగడి నుండి వచ్చేది కాదు, గోడలోనే ఉండేది. రాయి, సున్నంతో కట్టిన గోడలు మందంగా ఉండేవి కనుక, కట్టేటప్పుడే అక్కడక్కడ తాఖ్‌లు వదిలేవారు. ఒక గూటిలో దీపం, మరొక గూటిలో పాన్‌దాన్, అన్నిటికన్నా ఎత్తయినదానిలో జుజ్‌దాన్‌లో చుట్టిన ఖుర్ఆన్ ఉండేవి. సామాను గోడలోకి వెళ్లిపోగా నేల మిగిలేది. గది చిన్నదైనా పదిమంది దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చోగలిగేవారు.

ఈ పద్ధతికి నవాబీ రూపం చూడదలచినవారు పురానీ హవేలీకి వెళ్లాలి. 1911లో ఫలక్‌నుమా ప్యాలెస్‌లో కన్నుమూసిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల కోసం అక్కడ ఒక పొడవైన హాలులో రెండు అంతస్తుల చెక్క అల్మారాలు అమర్చారు. పై అంతస్తుకు చేరడానికి చేతితో తిప్పే లిఫ్టు ఉంది. ఆయన తొడిగిన దుస్తులు మళ్లీ తొడిగేవారు కాదని చెప్పుకుంటారు. ఇస్రాఫ్ సంగతి అలా ఉంచితే, పైన పెట్టినదాన్ని ఎలా అందుకోవాలో వారు ముందే ఆలోచించడం గమనించదగినది. మనమో, దేగ్చాలను అటకెక్కించి, విందు నాడు వాటిని దించడానికి పొరుగింటి అబ్బాయి కోసం ఎదురుచూస్తాము!

వట్టేపల్లిలో, జంగంమెట్‌లో అరవై, ఎనభై గజాల స్థలంలో ఇల్లు బాగుచేయించే కుటుంబాలు నేడు మళ్లీ గోడ అల్మారాలనే కోరుకుంటున్నాయి. కోరిక సమంజసమే. అయితే పాత ఇంట్లో పైకప్పు భారమంతా గోడలే మోస్తాయి. గూడు కోసం అటువంటి గోడను తొలిపిస్తే, ఎన్నో ఏళ్లుగా నిలిచిన కప్పు మరుసటి వానాకాలం దాటకపోవచ్చు. ఇంజనీరు చూసి చెప్పనిదే అక్కడ సుత్తి పడనీయకూడదు. ఈ విషయంలో మేస్త్రీ ధైర్యం చాలదు. పిల్లర్ల ఇంట్లోనైతే లోపలి గోడ సాధారణంగా నాలుగున్నర అంగుళాలే. తొలవడానికి అందులో ఏముంది? పిల్లర్ గోడకంటే ముందుకు వచ్చిన మూల, మెట్ల కింది ఖాళీ, తలుపు పైభాగం, కిటికీకి ఇరుపక్కలు, ఇవే నిజమైన చోట్లు.

లోతు అవసరాన్ని బట్టి ఉండాలి. పుస్తకాలకు పది పన్నెండు అంగుళాలు చాలు. హ్యాంగరుకు వేలాడే దుస్తులకు ఇరవై రెండు కావాలి. రజాయీలు, పరుపులు మడిచి పెట్టే అరకు ఇంకొంచెం ఎక్కువ. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ అరను మూడడుగులకు మించి ఆధారం లేకుండా వదిలితే పుస్తకాల బరువుకు నడుము వంచుతుంది. జానమాజ్‌ల అర మాత్రం పిల్లల చేతికి అందే ఎత్తులో ఉండనివ్వండి.

ఇక నీటి సంగతి. 2020 అక్టోబరు వర్షాలకు ఎగువ చెరువులు పొంగి, ఫలక్‌నుమాలోని అల్ జుబైల్ కాలనీ ఇళ్లను వరద ముంచెత్తింది. అటువంటి నీటిలో పార్టికల్ బోర్డు అల్మారా అటుకుల్లా ఉబ్బి విడిపోతుంది. కనుక పల్లపు వీధుల్లో నేల నుండి మూడు నాలుగడుగుల వరకు కడప రాయి పలకలతో గాని, సిమెంటు పలకలతో గాని అరలు కట్టించడమే మేలు. బురద కడిగేస్తే అవి తిరిగి పనికొస్తాయి. ఆపైన చెక్క పెట్టండి. వంటగదిలోను, తడి గోడ పక్కన ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగండి, ఐఎస్ 303 రకంలో తేమకు మాత్రమే ఓర్చుకునే సాధారణ ప్లైవుడ్ ఉంటుంది. చెమ్మ పట్టే గోడకు అల్మారా వీపును అంటించక వేలెడు సందు వదిలితే గాలి ఆడుతుంది, బట్టలకు బూజు పట్టదు. నికాహ్‌నామా, ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు అన్నీ ఒకే సంచిలో, తలకంటే ఎత్తయిన అరలో ఉండాలి. ఆ అర ఏదో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. నీళ్లు వచ్చేది రాత్రివేళ కావచ్చు, యజమాని దుబాయిలో ఉండవచ్చు.

అద్దె ఇంట్లో ఉన్నవారు గోడకు బిగించే పని పెట్టుకునే ముందు, ఖాళీ చేసేటప్పుడు అది ఎవరిదవుతుందో ఇంటి యజమానితో మాట్లాడి కాగితం మీద రాయించుకోవాలి. లేదా విప్పి తీసుకుపోగలిగేలా, స్క్రూలతో బిగించే అరలు చేయమని వడ్రంగికి మొదటే చెప్పాలి.