రెండు పచ్చలు

"అయ్యా! పల్లెటూళ్ళ అందాలు ఫొటోలు తీయాలని నాకు మహా సరదా. లక్ష రూపాయలు పోసి కెమేరా కొనే తాహతు లేదు. చేతిలో వున్నది మామూలు ఫోను. దీనితో యేమైనా సాధ్యమా?" అని ఒక పాఠకుడు వుత్తరం రాశారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కెమేరా సంగతులు అడగడమేమిటా అనుకున్నాను. తర్వాత జ్ఞాపకం వచ్చింది. ఈ పేజీలోనే ఒకసారి నా ఫొటోల పిచ్చి గురించి కాస్త గొప్పగా చెప్పుకున్నాను. గొప్పలు చెప్పుకున్నవాడు జవాబు కూడా చెప్పుకోవాలి కదా!

సాధ్యమే. నిక్షేపంగా సాధ్యమే. మా నాన్నగారికి ఆగ్ఫా క్లిక్ త్రీ అనే కెమేరా వుండేది. నల్లటి డబ్బా, దాని ముందు ఒక చిన్న గాజు కన్ను, అంతే. తిప్పడానికీ సవరించడానికీ దానిలో పెద్దగా యేమీ లేదు. యెండగా వుందా, మబ్బుగా వుందా అని మాత్రమే అది మనల్ని అడిగేది. పది పన్నెండడుగుల అవతల వున్నదంతా తనంతట తానే చూసుకునేది. రీలు మొత్తానికి పన్నెండు బొమ్మలు. పదమూడోది కావాలంటే మళ్ళీ డబ్బులు. అందుచేత నాన్నగారు ఒక చింతచెట్టును ఫొటో తీయాలంటే ముందు దాని చుట్టూ ప్రదక్షిణం చేసి వచ్చేవారు. "నాన్నా, తొందరగా తీయరాదూ?" అని నేను గునిస్తే, "చెట్టు యెక్కడికీ పోదులేరా" అనేవారు.

చెట్టూ చేనూ కదలకపోవడం ఈ విద్యకు మొదటి నుంచీ కలిసివచ్చిన సంగతే. ఇప్పటికీ నిలిచివున్న ఫొటోలన్నిటిలో పాతది ఫ్రాన్సు దేశంలో నియెప్సు అనే ఆయన 1826, 1827 ప్రాంతంలో తీసినది. ఆయన తన మేడగది కిటికీలోంచి కనబడే ఇంటికప్పులనూ, వాటి అవతల వున్న దృశ్యాన్నీ తీశాడు. ఒక్క బొమ్మ పడడానికి గంటల తరబడి పట్టింది. అంతసేపు యే మనిషి కదలకుండా కూర్చుంటాడు? మన హైదరాబాదులో ఆరవ నిజాం కొలువులో వుండిన రాజా దీనదయాళు (1844–1905) కూడా బరువైన కొయ్య కెమేరాలూ గాజుపలకలూ మోయించుకుంటూ తిరిగినవాడే. ఆ సరంజామాతో పోలిస్తే మీ జేబులో వున్న మామూలు ఫోను ఇంద్రజాలమే. కాబట్టి పనిముట్టు చాలదన్న దిగులు పెట్టుకోకండి.

నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. ఇవన్నీ నాగల్‌గిద్ద దారిలో నేర్చుకున్నవి. నాగల్‌గిద్ద అంటే యెక్కడో అనుకునేరు. నారాయణఖేడ్ దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోతే వస్తుంది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా యేర్పడినప్పుడు మండలమయింది. నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదరు జిల్లాలో వుండేది. అందుకే అంగట్లో నిలబడితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ ఒక్క పూటలో చెవిని పడతాయి. బాలాఘాటు కొండల్లో పుట్టిన మంజీర తెలంగాణలో అడుగుపెట్టేది ఈ ప్రాంతంలోనే. నేల ఒకచోట నల్లరేగడి, కొంచెం ముందుకు పోతే తుప్పు రంగు యెర్రమట్టి. కొండలు లేవు, జలపాతాలు లేవు. "ఇక్కడ ఫొటో తీయడానికి యేముంది?" అని బస్సులో పక్కన కూర్చున్నవారు అడుగుతారు. యేమీ లేనట్టు కనబడే చోటనే మామూలు కెమేరాకు మంచి పని దొరుకుతుంది.

మొదటి సంగతి యెండ. ఈ ప్రాంతంలో యేటా రెండుసార్లు, మే నెల రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖరున ఒకసారి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. నీడ కాళ్ళ కిందికి దూరిపోతుంది. నీడ లేకపోతే ఫొటోలో గట్టు గట్టులా వుండదు, చాలు చాలులా వుండదు. అంతా అప్పడంలా చదునుగా పడుతుంది. పొద్దు పొడిచిన గంటలోపలా, పొద్దు గుంకే ముందరి గంటలోనూ వెళ్ళండి. పక్కనుంచి వాలిన వెలుతురులో నాగలి గీసిన ప్రతి గీతా లేచి నిలబడుతుంది.

రెండోది నేల రంగు. కెమేరాకు ఒక చాదస్తం వుంది. ముందున్నది యేదైనా సరే, నలుపుకూ తెలుపుకూ నడిమి రంగుకు తేవాలని చూస్తుంది. నల్లరేగడిని చూపిస్తే అయ్యో చీకటి అనుకుని వెలుతురు పెంచి బూడిద చేస్తుంది. విచ్చిన పత్తి చేను చూపిస్తే అబ్బో వెలుగు అనుకుని మాసిన బట్ట చేస్తుంది. ఫోను తెరమీద వేలు పెట్టి ఆ వెలుతురును రేగడికి కొంచెం తగ్గించండి, పత్తికి కొంచెం పెంచండి. నలుపు నలుపుగా వస్తుంది, తెలుపు తెలుపుగా వస్తుంది.

మూడోది నడక. దూరాన వున్నదాన్ని ఫోనులో వేళ్ళతో లాగి పెద్దది చేయకండి. మామూలు ఫోనులో అలా చేస్తే బొమ్మ పెరగదు, ముక్క మాత్రం మిగులుతుంది. రెండు కాళ్ళున్నాయి. దగ్గరికి నడిచి వెళ్ళండి.

ఈ మూడోదాన్ని నేనే పాటించలేదు. ఆ కథ చెప్పకపోతే మీకు సలహా చెప్పే అర్హత నాకు వుండదు.

రెండేళ్ళ కిందట శ్రావణ మాసంలో ఒక సాయంత్రం నాగల్‌గిద్ద నుంచి తిరిగివస్తున్నాను. వాన వెలిసింది. రోడ్డు పక్క పల్లంలో ఒక పెసర చేను. దాని మీద యేటవాలు యెండ పడి, చేనంతా బంగారం పోతపోసినట్టు ధగధగలాడుతోంది. స్కూటరు ఆపి, కల్వర్టు గోడమీద నిలబడి, పైనుంచి ఒకే ఒక్క బొమ్మ తీశాను. మా నాన్నగారు బ్రతికివుంటే మెచ్చుకునేవారు అనుకున్నాను. కాలేజీలో జరిగిన చిన్న ప్రదర్శనలో దాన్ని పెద్దది చేయించి పెట్టి, కింద "పచ్చని పైరు" అని పేరు రాశాను. వచ్చినవాళ్ళంతా దానిముందే ఆగారు. ఒకరు తమ ఇంటి హాల్లో పెట్టుకుంటామని ప్రతి కూడా అడిగారు. నా ముఖం యెంత వెలిగిపోయి వుంటుందో మీరే వూహించుకోండి.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఒక విద్యార్థి మాత్రం ఆ బొమ్మ దగ్గరే నిలబడి వున్నాడు. నాగల్‌గిద్ద వైపు పిల్లవాడు.

"యేమయ్యా, నచ్చిందా?" అన్నాను.

"మంచిగుంది సార్. అది మా చేనే."

"ఆఁ! మరి చెప్పవేం?"

వాడు తల వంచుకున్నాడు. "పేరు సరిగ్గనే పెట్టిన్రు సార్. కాని గది వేరే పచ్చ. పల్లాకు తెగులు. ఆ యేడు చేను మొత్తం పోయింది."

మా తెలుగులో పచ్చ అనే మాటకు రెండు రంగులున్నాయి. పచ్చగడ్డి అన్నప్పుడు ఆకు రంగు. పచ్చకామెర్లు అన్నప్పుడు పసుపు రంగు. వరిమడినీ పచ్చన అంటాం, మేలిమి బంగారాన్నీ పచ్చన అంటాం. ఏ పచ్చో తెలుసుకోవాలంటే పక్కనున్న మాటను చూడాలని క్లాసులో యేటా చెబుతాను. ఆ పాఠం విన్న పిల్లవాడే నాకు దాన్ని అప్పజెప్పాడు. శ్రావణంలో పెసర చేను యే పచ్చగా వుండాలో యెనిమిదేళ్ళ పిల్లకు తెలుసు. నాకు తట్టలేదు. కల్వర్టు దిగి పది గజాలు నడిచి ఒక్క ఆకు పట్టి చూసివుంటే తెలిసేది. నేను వెలుతురును చూశాను, చేనును చూడలేదు.

అప్పుడు మా పొరుగు జహీరాబాదు ఆడవాళ్ళు గుర్తొచ్చారు. అక్కడ 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత రైతు మహిళలు కొందరు వీడియో కెమేరా నేర్చుకున్నారు. చదువు రాని చేతులు, కలుపు తీసే చేతులు. కెమేరా పట్టే తీరులకు ఇంగ్లీషు పేర్లు వాళ్ళకు ఒంటబట్టలేదు. తమ పేర్లే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూపిస్తే అది పటేల్ షాటు. పటేలు గడీ అరుగు మీద నిలబడి కూలివాళ్ళను చూసే చూపు. కిందినుంచి పైకి చూపిస్తే అది వెట్టివాని చూపు. కంటికి కన్ను సమంగా పెట్టి తీస్తే అది సంఘం షాటు. సంఘంలో అందరూ చాపమీద ఒకే యెత్తున కూర్చుంటారు కనుక.

నేను కల్వర్టు మీదనుంచి తీసినది పక్కా పటేల్ షాటు! యెమ్మే చదువు చెప్పని ముక్క ఇది.

మరుసటి ఆదివారం ఆ పిల్లవాడి వెంట వాళ్ళ చేనుకు వెళ్ళాను. వాళ్ళ నాన్న గట్టుమీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. క్షమించమని నసుగుతుంటే నవ్వేశాడు. "ఫొటో దిగితె చేనుకు తెగులు రాలే గద సారూ! ముందుగాల్నే వచ్చింది. జర కిందికి దిగి అడిగితె చెప్తుంటిమి." ఆపైన ఆ తెగులు సంగతి ఆయనే విప్పి చెప్పాడు. తెల్లదోమ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలి రోగం అంటిస్తుంది. అంటిన మొక్కకు మందు లేదు. మొదట్లోనే పీకి పారేయాలి, దోమను ఆపాలి, విత్తేటప్పుడే తట్టుకునే రకం చూసుకోవాలి. చేలో అక్కడక్కడ జిగురు పూసిన పసుపు అట్టలు పెడతారట. పసుపు రంగు చూసి తెల్లదోమ పోయి దానికి అంటుకుంటుందట. పసుపు చూసి మురిసి అంటుకుపోయినవాణ్ణి నేనొక్కణ్ణే కాదన్నమాట!

ఆయన నన్నొక కోరిక కోరాడు. "వచ్చే వానకాలం మొదటి ఆకు పచ్చబడంగనే పోరనితోని కబురంప్త. దగ్గరికెంచి ఫొటో కొట్టి వ్యవసాయం సార్లకు పంపాలె. నా కాడ వున్న ఫోనుకు ఫొటో రాదు."

కబురు వచ్చింది. వెళ్ళాను. మోకాళ్ళమీద కూర్చుని, ఆకుకు సమంగా ఫోను పెట్టి, మబ్బు నీడలో తీశాను. ఆకుమీద పసుపు చుక్కలు స్పష్టంగా పడ్డాయి. ఈసారి మొక్కలు కొన్నే. పీకేశారు. చేను నిలిచింది. ఆ ఆకు ఫొటో యే ప్రదర్శనకూ పనికిరాదు. కాని నేను తీసినవాటిలో ఒకరికి పనికివచ్చినది అదొక్కటే.

అన్నట్టు, పాత బొమ్మ కింద పేరు మార్చాను. "పల్లాకు తెగులు సోకిన పెసర చేను, నాగల్‌గిద్ద" అని రాశాను. హాల్లో పెట్టుకుంటామన్నవారు ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

కాబట్టి వుత్తరం రాసిన మిత్రులకు నా నాలుగో ముక్క ఇది. ఫోను మామూలుదైనా ఫరవాలేదు. ఉదయమే వెళ్ళండి. గట్టు దిగండి. మీట నొక్కేముందు ఆ చేను యెవరిదో, ఆ యేడు అది యెట్లా వుందో ఒక్క మాట అడగండి. తీసిన బొమ్మ ఒక ప్రతి వాళ్ళకు ఇచ్చి రండి. తొందరేమీ లేదు. మా నాన్నగారు చెప్పినట్టు, చెట్టు యెక్కడికీ పోదు.