వాయవ్యంలో గ్యారేజీ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గాని, కాపురం ఉన్న ఇంటికి ఓ గది తగిలించి చూడమని పెద్దలెవరూ అనలేదు. ఒక పక్క వంటా వార్పూ సాగుతూనే ఉండాలి, రెండో పక్క గోడ పగలగొడుతూనే ఉండాలి. డెట్రాయిట్ శివార్లలోని మా ఇంట్లో ఈ వేసవంతా ఇదే భాగోతం. అదీ మనుషుల కోసం కాదు, రెండు మోటారు సైకిళ్ళ కోసం! వినాయక చవితి పూజకొచ్చిన మిత్రులు విని నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలోనే ఇద్దరు, వెళ్ళేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ, పర్మిట్ సంగతీ గోడల సంగతీ మెల్లగా అడిగారు. అందుకని ఈ నెల రక్తపోటుకు సెలవిచ్చి గ్యారేజీ ముచ్చట చెబుతున్నాం. వైద్యం మాత్రం పూర్తిగా తప్పలేదు, ముందే మనవి.

మా వారికి బళ్ళు రెండు. ఒకటి పాత హోండా, రెండోది బుల్లెట్. బుల్లెట్ చప్పుడు వింటే ఆయనకు కాకినాడ మెయిన్ రోడ్డు కళ్ళ ముందు కనిపిస్తుందట. మాకు పక్కింటావిడ కిటికీ మూసుకోవడం కనిపిస్తుంది. ఉన్న గ్యారేజీ రెండు కార్లకే సరి. ఇక్కడ చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు, మంచుతో కలిసి కార్ల కింద నుంచి కారి, పక్కనున్న బండి స్పోకుల్ని తినేస్తుంది. పద్నాలుగు అడుగుల వెడల్పు, ఇరవై నాలుగు అడుగుల పొడుగు గది ఒకటి వేస్తే బళ్ళూ ఉంటాయి, పనిబల్లా ఉంటుందని ఆయన లెక్క.

స్థలం ఎక్కడన్నది తర్వాతి ప్రశ్న. సరిహద్దుకి ఇన్ని అడుగులు వదలాలని టౌన్‌షిప్ వారి నియమం. వాహనాలు వాయవ్యంలో ఉండాలని మా మామగారి నియమం. టేపు పట్టి కొలిస్తే మిగిలింది వాయవ్యమే! శాస్త్రమూ సర్కారూ ఒక్క మాట మీద నిలబడడం మేము చూడడం అదే మొదలు. అయితే ఆ మూల గోడకి ఇవతల ఉన్నది మామగారూ అత్తగారూ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆరు నెలలు పడుకునే గది. అసలు కథంతా ఆ గోడ దగ్గరే.

ముందు పునాది. మిషిగన్‌లో పునాది 42 అంగుళాల లోతుకి దిగాలి. మట్టిలో నీరు గడ్డకట్టి ఉబ్బితే పైనున్న దాన్ని ఎత్తేస్తుంది. మన వైపు నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకి కుంచించుకుపోయి గోడలు బీటలు తీయించడం చూసిన వాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పాత ఇల్లు కదలకుండా నిలబడి, కొత్త గది మాత్రం ప్రతి చలికాలం లేచి దిగుతుంటే అతుకు దగ్గరే చీలుతుంది. ఇన్‌స్పెక్టరు వచ్చి గొయ్యి కొలిచి చూశాకే కాంక్రీటు పోశారు.

నేల 4 అంగుళాల మందం. వాలు బయటి తలుపు వైపు. ఇంటి నేల కంటే ఒక మెట్టు కిందికి ఉంచాం. ఎందుకంటే పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల పట్టుకునే పాకుతుంది, మెట్టు దానికి అడ్డు. వాలు నేల మీద కారుకి బాధ లేదు గాని బండికి ఉంది. ముందు చక్రం ఎత్తు వైపు, అంటే లోపలి గోడకేసి పెట్టి, మొదటి గేరులో ఉంచి పక్క స్టాండు వేయాలి. తిరగేసి పెడితే బండి ముందుకి జారుతుంది, స్టాండు మడుచుకుంటుంది.

ఇక గోడ. కట్టే మేస్త్రీ సౌకర్యంగా ఉంటుందని పెద్దవాళ్ళ గదిలోంచే గ్యారేజీకి తలుపు పెడదామన్నాడు. పడకగదికీ గ్యారేజీకీ మధ్య తలుపు కూడదని కోడ్ చెబుతోంది కదా అంటే, “కాగితం మీద స్టడీ రూమ్ అని రాస్తే సరి” అన్నాడు. చలిలో బయట తిరగనక్కర్లేదని మామగారికీ ఆ మాట నచ్చింది. మేము కుదరదన్నాం. ఇంట్లో నాలుగు రోజులు మౌనవ్రతం నడిచింది.

శీతాకాలంలో ఇంటిల్లిపాదీ ఒకేసారి తలనొప్పి, వికారం అంటూ ఎమర్జెన్సీకి వస్తే మాకు ముందు గుర్తొచ్చేది ఫ్లూ కాదు, ఫర్నేసూ గ్యారేజీను. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి తొడిగే మీటరేమో నిక్షేపంగా 98 చూపిస్తుంది, దానికి ఈ రెంటికీ తేడా తెలియదు. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలో అది సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర. పెద్ద వయసు, దానికి తోడు గుండె జబ్బు ఉంటే కొంచెం పొగే చాలు. గ్యారేజీ తలుపు తెరిచే ఉందిగా అని మన వాళ్ళు ధైర్యంగా ఉంటారు. చలికాలం ఇంట్లో వెచ్చగాలి పైకి పోతూ కింది సందుల్లోంచి గాలిని లోపలికి లాగుతుంది. సందు గ్యారేజీ గోడలో ఉంటే వచ్చేది గ్యారేజీ గాలే.

అయిదో రోజు ఈ సంగతే మామగారికి కాగితం మీద బొమ్మ వేసి చూపించాం. ఆయన కళ్ళజోడు సవరించుకుని, “అయితే గోడకి మేకు కూడా కొట్టనివ్వకండమ్మా” అన్నారు. మేకు దాకా రాలేదు గాని, ఆ గోడకి ప్లగ్గు పెట్టెలు కూడా పెట్టనివ్వలేదు. కోడ్ ప్రకారం అర అంగుళం జిప్సం బోర్డు చాలు, మేము 5/8 అంగుళం మంట తట్టుకునే రకం వేయించి అతుకులన్నీ పూడ్పించాం. తలుపు వరండాలోకి మారింది. దాని కోసం దుప్పట్ల బీరువా త్యాగం చేశాం (అత్తగారికి ఆ కోపం ఇంకా పోలేదు). గట్టి చెక్క తలుపు, దానంతటదే మూసుకునే స్ప్రింగు, పెద్దవాళ్ళ గదిలో అలారం. బండిని వాకిట్లోకి తోసుకెళ్ళాకే స్టార్టు చేయాలి. ఇది మా వారితో కుదిరిన ఒడంబడిక. జనవరిలో ఎలాగూ తొక్కరు కాబట్టి వెంటనే ఒప్పుకున్నారు.

పనిబల్ల ఎత్తు ఆపరేషన్ టేబుల్ లెక్కనే పెట్టాం, నిలబడితే మోచేతికి కాస్త కిందికి. ప్లగ్గులన్నీ తడి తగిలితే తక్షణం కరెంటు ఆపే రకం. చెక్కకి అవిసె నూనె పూసిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి గనుక మూతున్న రేకు డబ్బా ఒకటి పెట్టాం. మా అబ్బాయి దాని మీద పుర్రె బొమ్మ గీశాడు.

చివరి ఇన్‌స్పెక్షన్ వచ్చే వారం. రంగులు ఇంకా వేయలేదు. పనిబల్లకి మంచి బెంచ్ వైస్ కావాలి. సభ్యులెవరి బేస్‌మెంట్‌లోనైనా పాతది మూలన పడి ఉంటే కబురు చేయండి, మా వారు వచ్చి పట్టుకెళతారు.