ఎండిన బ్రెడ్ పారేస్తున్నారా? కాస్త ఆగండి!

బ్రెడ్ ప్యాకెట్ కొనడం తేలికే, అవగొట్టడమే కష్టం. ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చిందని తెస్తాం, పిల్లల టిఫిన్‌కని తెస్తాం. పిల్లలు మధ్యలోని మెత్తటి ముక్కలన్నీ లాగేసి, అటూ ఇటూ ఉండే అంచు ముక్కలు వదిలేస్తారు. మూడో రోజుకల్లా అవి చెక్కల్లా తయారవుతాయి. అప్పుడు వాటిని తినేదెవరు? ఇంకెవరు, ఇల్లాలే! అందరికీ వేడివేడి దోసెలు వేసిపెట్టి, పారేయడానికి మనసొప్పక ఆ ఎండు ముక్కలు టీలో ముంచుకుని సరిపెట్టుకుంటుంది. ఇది పొదుపు కాదండీ. ఆ బ్రెడ్‌నే ఇంటిల్లిపాదీ అడిగి మరీ వేయించుకునేలా చేస్తే అదీ పొదుపు!

ముందు ఇది చూసుకోండి

ఎండిన బ్రెడ్ వేరు, పాడైన బ్రెడ్ వేరు. గట్టిపడితే భయం లేదు. ఒక్క ముక్క మీద ఆకుపచ్చగానో, నల్లగానో, తెల్లటి నూగులాగానో బూజు కనిపిస్తే మాత్రం ప్యాకెట్ మొత్తం పారేయాల్సిందే. బ్రెడ్ గుల్లగా ఉంటుంది కనుక బూజు కంటికి కనపడకుండా లోపలికి పాకుతుంది. మచ్చ ఉన్నంత మేర గిల్లేసి మిగతాది వాడకూడదు. పెనం మీద ఎర్రగా కాల్చినా బూజు వదిలే విషాలు పూర్తిగా పోవు. మనం తినకూడనిది పనమ్మాయికి ఇవ్వడం తగదు, ఆవుకు వేస్తే పుణ్యమూ రాదు. మంచి బ్రెడ్డయినా ఒకేసారి మరీ ఎక్కువగా వేస్తే ఆవుకు కడుపుబ్బరం రావచ్చు.

ఇంకో మాట. ఫ్రిజ్‌లో పెడితే బ్రెడ్ మెత్తగా ఉంటుందనుకుంటాం. నిజానికి బయట కన్నా అక్కడే త్వరగా గట్టిపడుతుంది. బ్రెడ్‌లోని పిండి పదార్థం ఆ చల్లదనానికి బిగుసుకుపోవడమే కారణం. కాకపోతే బూజు పట్టడం ఆలస్యమవుతుంది కనుక వానాకాలంలో ఫ్రిజ్ నయం. ఎక్కువ రోజులు ఉంచాలంటే గాలి చొరని కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి.

బ్రెడ్ పొడి

అంచు ముక్కలకు ఇదే మంచి దారి. ముక్కల్ని తుంచి, పైన పల్చటి బట్ట కప్పి ఎండలో పెట్టండి. ఎండ లేకపోతే సన్నని సెగ మీద పెనంపై కరకరలాడేదాకా వేయించండి. చల్లారాక మిక్సీలో పొడి చేసి, తడి లేని సీసాలో పోసుకోండి. కట్లెట్లు ఇందులో దొర్లించి వేయిస్తే పైన కరకరలాడతాయి. కూర్మా పల్చనయితే 1 చెంచా కలపండి, చిక్కబడుతుంది. గారెల పిండి జారయిందా? 2 చెంచాలు కలిపి 5 నిమిషాలు ఉంచండి, పిండి చేతికి వస్తుంది.

బ్రెడ్ ఉప్మా

కావలసినవి: ఎండిన బ్రెడ్ ముక్కలు 8, ఉల్లిపాయలు 2, టమాటా 1, పచ్చిమిర్చి 3, పుల్లటి మజ్జిగ పావు కప్పు, పోపు సామాను, పసుపు, కరివేపాకు, కొత్తిమీర.

బ్రెడ్‌ను చిన్న ముక్కలుగా తుంచి, మజ్జిగ చిలకరించి పక్కన పెట్టండి. పోపు వేగాక ఉల్లి, మిర్చి, టమాటా మగ్గించి, పసుపు వేసి, బ్రెడ్ కలిపి 3 నిమిషాలు వేయించి దించండి. బ్రెడ్‌లో ఉప్పు ఉంటుంది కనుక ఉప్పు తగ్గించి వేయాలి. తాజా బ్రెడ్‌తో చేస్తే ముద్దయిపోతుంది. పొడిపొడిగా రావాలంటే ఎండినదే వాడాలి.

డబల్ కా మీఠా

హైదరాబాద్ విందుల్లో పేరున్న ఈ తీపి వంటకం బ్రెడ్‌తో చేసేదే. డబల్ రోటీ అంటే బ్రెడ్డే మరి! ఎండిన ముక్కలయితే పాకంలో చితికిపోవు.

కావలసినవి: బ్రెడ్ ముక్కలు 8, పాలు అర లీటరు, చక్కెర 1 కప్పు, నీళ్ళు 1 కప్పు, వేయించడానికి నెయ్యి, ఏలకులు 4, జీడిపప్పు.

పాలు సగమయ్యేదాకా మరిగించండి. చక్కెర, నీళ్ళు కలిపి వేలికి జిగురు తగిలేదాకా కాచి, ఏలకుల పొడి వేయండి. బ్రెడ్‌ను నేతిలో ఎర్రగా వేయించి, పాకంలో ముంచి తీసి పళ్ళెంలో పేర్చి, పైన పాలు పోసి, వేయించిన జీడిపప్పు చల్లండి. అరగంట ఊరాక తినాలి.

బొంబాయి టోస్ట్

గుడ్డు తినేవారికి ఇది సులువు. 1 గుడ్డు, అర కప్పు పాలు, 2 చెంచాల చక్కెర గిలక్కొట్టి, 4 ముక్కలు అందులో నానబెట్టి, నేతితో పెనం మీద రెండువైపులా కాల్చడమే. ఎండిన ముక్క కనుక కొంచెం ఎక్కువసేపు నాననివ్వండి. ఫ్రాన్స్‌లోనూ ఇలాంటి వంటకం ఉంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరుకు అర్థం "పోయిన రొట్టె" అని! పోయిందనుకున్నదాన్ని దక్కించుకోవడం అక్కడి ఇల్లాళ్ళకూ తెలుసన్నమాట.

ఇవేవైనా చేసినప్పుడు "మిగిలిన బ్రెడ్‌తో చేశాను" అని ముందే చెప్పకండి. అందరి కంచాల్లోనూ వడ్డించండి, మీ కంచంలోనూ వేడిగా ఉన్నప్పుడే వేసుకోండి. మళ్ళీ అడిగి వేయించుకున్నాక చెబుదురుగాని!