వెలగల గడియారము నెవరి కియ్యవలెను?



ఇటీవల మా యింట జరిగిన యొక చిన్న వివాదమును మీకు విన్నవింతును. అది నగలనుగూర్చి కాదు, భూములనుగూర్చి కాదు; ఆగిపోయిన యొక చేతిగడియారమునుగూర్చి. చేతిఫోనులోనే వేళ తెలియుచున్న యీ దినములలో గడియారమునకై వివాదమేల యని మీరు నవ్వవచ్చును. కాని పెండ్లికానుకగానో, పెద్దల గురుతుగానో వెలగల గడియారము పెక్కిండ్లలో నున్నది. అది ఆగిననాడు కంపెనీవారి సర్వీసు కేంద్రమునకు పంపవలెనా, స్వతంత్రముగా పనిచేయు నేర్పరి కియ్యవలెనా యన్న ప్రశ్న తప్పక కలుగును.

మా గడియారము స్విట్జర్లాండు దేశమున చేయబడినది. 1968లో మా మామగారి అన్నగారు సింగపూరునుండి తెచ్చి తమ్మునికిచ్చిరి. మామగారు దివిసీమలో ఉపాధ్యాయులుగా నుండిరి. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చినప్పుడు ఆయన ఊరివారితో గూడ బడి డాబామీద రాత్రియంతయు గడపిరి. గడియారములో నీరు చొచ్చెను. పిదప దానిని విప్పించి ఆరబెట్టించి వాడుకొనిరి గాని, డయలుమీద ఏడవ అంకె చెంత గోధుమవన్నె మచ్చ యొకటి నిలిచిపోయెను. ఆయన గతించి నాలుగేండ్లయినది. నాటినుండి మా అత్తగారు ప్రతిదినము స్నానముచేసి వచ్చి దానికి కీ యిచ్చుచుండిరి. గత వేసవిలో నొకనాడు అది నడువలేదు.

మావారు దానిని హైదరాబాదులోని కంపెనీ కేంద్రమునకు గొనిపోయిరి. వారు మర్యాదగా పరీక్షించి అంచనా కాగిత మిచ్చిరి. అందు ప్రధానమైన స్ప్రింగును మార్చుటయేగాక, డయలును ముండ్లను క్రొత్తవి వేయుటయు, కేసునకు మెరుగు పెట్టుటయు వ్రాయబడియుండెను. "క్రొత్తదానివలె వచ్చును గదా!" యని మావారు సంతసించిరి. అత్తగారు మాత్రము నన్ను ప్రక్కకు పిలిచి, "అమ్మాయీ, ఆ మచ్చ తీసేస్తే అది మీ మామగారి గడియారం ఎట్లా అవుతుందే?" అనిరి. తల్లికొడుకుల నడుమ నిర్ణయము నామీద పడెను. తెలిసికొనక తీర్పు చెప్పరాదని ఈ విషయమును కొంత పరిశీలించితిని.

మొదట గడియారము లోపల నేమి జరుగునో చూడుడు. కీ త్రిప్పినప్పుడు చుట్టుకొనిన స్ప్రింగు మెల్లగా విడుచు బలముచేత చక్రములు తిరుగును. ఆ బలము ఒక్కసారిగా పోకుండ బేలన్సు చక్రము అటునిటు ఊగుచు లెక్కగా విడిపించును. మా గడియారమువంటి పాతవానిలో అది గంటకు 18,000 సారులు కొట్టుకొనును. అనగా దినమునకు 4,32,000 సారులు! కలియుగమునకు మన పెద్దలు చెప్పిన సంవత్సరముల సంఖ్యయు నదియే. ఇంత రాపిడికి ఓర్చుటకై ఇరుసులు కృత్రిమముగా చేసిన కెంపులలో తిరుగును. అందు చుక్కంత నూనె యుండును. ఏండ్లు గడచిన కొలది ఆ నూనె యెండి జిగురగును, లోహము అరుగును. నడుచుచున్నది గదా యని యూరకుండినచో నష్టము లోపల పెరుగును. అందుచేతనే ఒమేగావారు 5 మొదలు 8 సంవత్సరములకొకసారియు, రోలెక్సువారు సుమారు 10 సంవత్సరములకొకసారియు సర్వీసు చేయింపుమని చెప్పుదురు.

కంపెనీ కేంద్రమునందు మేలు లివి: అసలైన భాగములు దొరకును, నీరు చొరకుండ రబ్బరు వలయములు మార్చి, యంత్రముతో పరీక్షింతురు, పనికి వ్రాతపూర్వకమైన హామీ యుండును. పైన చెప్పిన రెండు కంపెనీలవారు సర్వీసు పనికి 2 సంవత్సరముల హామీ యిత్తురు. గడియారము క్రొత్తదై, అమ్మినప్పటి హామీ యింకను తీరకున్నచో ఇతరులచేత విప్పింపరాదు; ఇతరులు విప్పినచో హామీ చెల్లదని పెక్కు కంపెనీల పత్రములలో నుండును. కాని వ్యయము హెచ్చు. కేంద్రమువారికి గడియారము సరిగా నడచుటయు, చూపునకు క్రొత్తదిగా నుండుటయు ముఖ్యము. మీ ముత్తాత చేతి గీత వారికి గీతమాత్రమే.

స్వతంత్రుడైన పనివానివద్ద వ్యయము తక్కువ. చేయువానితోనే ముఖాముఖి మాటలాడవచ్చును. ఉన్నదానిని ఉన్నట్లే కాపాడుమన్న మాట చెవిని వేసికొనును. కష్టమెల్ల భాగములయొద్ద వచ్చును. కొన్ని కంపెనీలు తమ భాగములను బయటివారి కమ్మవు. ఐరోపాలో గడియారములు బాగుచేయువారి సంఘముల సమాఖ్య దీనిపై 2004లో ఐరోపా కమిషనునకు ఫిర్యాదు చేసెను. 2014లో కమిషను దానిని త్రోసిపుచ్చగా, 2017లో అచ్చటి జనరల్ కోర్టు ఆ నిర్ణయమునే నిలిపెను. కాబట్టి నేర్పు గల పనివాడైనను భాగము దొరకక చేతులు ముడుచుకొనవచ్చును. నేర్పును నీతియు లేనివాడు నకిలీ భాగమును తగిలించి అసలుదానిని తీసికొనవచ్చును. మా బంధువులలో నొకరి గడియారమున కట్లే జరిగినది. చేతిలో చీటిముక్క యైన లేనందున వారు నోరు మెదపలేకపోయిరి.

మన ధర్మశాస్త్రములు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో నిక్షేపమొకటి. ఇల్లడగా నుంచిన సొమ్మును ఉంచినట్లే తిరిగి యియ్యవలెనని దాని సారము. నేటి చట్టమును ఆ త్రోవనే నడచుచున్నది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 151వ సెక్షను ప్రకారము, వస్తువును పుచ్చుకొన్నవాడు వివేకవంతుడు తన సొంత వస్తువును కాపాడుకొనునట్లు దానిని కాపాడవలెను. పనికి తగిన సొమ్ము ముట్టువరకు వస్తువును నిలుపుకొను హక్కు 170వ సెక్షను వానికిచ్చినది గనుక, వెలను ముందే తేల్చుకొనుట ఉభయులకు క్షేమము. పనిలో లోపమున్నచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. సలహాకు 1915 అను ఫోను నంబరు కలదు. కాని కాగితము లేనిదే ఏ చట్టమును మనకు తోడు రాలేదు.

కావున ఎవరికిచ్చినను ఈ నాలుగు పనులు చేయుడు. గడియారము ముందువెనుకలు ఫొటో తీసి, వెనుకనున్న సంఖ్యను వ్రాసికొనుడు. చేయు పనులు, వెల, గడువు వ్రాయించి రసీదు పుచ్చుకొనుడు. మార్చిన పాతభాగములను తిరిగి యిమ్మని ముందే చెప్పుడు. ఏవి మార్చరాదో, మెరుగు పెట్టవలెనో వద్దో స్పష్టముగా వ్రాయించుడు.

మా నిర్ణయము వినుడు. విజయవాడలో నలువదేండ్లుగా ఈ పనియే చేయుచున్న యొక వృద్ధునియొద్దకు అత్తగారితో నేనే వెళ్లితిని. ఆయన భూతద్దము కంటికి పెట్టుకొని మా యెదుటనే మూత విప్పి, "అమ్మా, స్ప్రింగు తెగింది, నూనె ఎండింది. ఈ రకానికి స్ప్రింగు నా దగ్గరుంది. మచ్చ జోలికి మాత్రం పోను, తుడిస్తే అంకె కూడా పోతుంది. ఇక మీదట నీళ్లు తగలనివ్వకండి" అనెను. నీటికి హామీ యియ్యలేనని రసీదుమీదనే వ్రాసియిచ్చెను. తనచేత కానిదానిని ముందే చెప్పిన ఆ మాటవలననే నాకు నమ్మకము కుదిరినది. మూడు వారములకు గడియారమును, కాగితపు పొట్లములో తెగిన స్ప్రింగును మా చేతికి వచ్చెను.

అది దినమునకు ఇరువది సెకండ్లు వెనుకబడుచున్నది. కంపెనీవా రింకను సరిగా నడిపించియుందురేమో; ఆ మాట మావారు అప్పుడప్పుడు అనకపోలేదు. మా మేనల్లుని పెండ్లికి వచ్చిన క్రొత్త గడియారము మాత్రము కంపెనీకే పంపుమని నేనే చెప్పితిని. దానికి కావలసినది హామీ. దీనికి కావలసినది ఆ మచ్చ. మీ యింటిదానికి ఏది కావలెనో, ఏది పోయినచో మరల రాదో, ముందుగా పెద్దల నడిగి తెలిసికొనుడు. అత్తగారు ఉదయముననే దానికి కీ యిచ్చి, ఆ ఇరువది సెకండ్లు తామే ముందుకు దిద్దుకొనుచున్నారు.