ప్రాత ఇరుసా, క్రొత్త ఇరుసా?

ప్రాత కారుగల యిండ్లలో నేడో రేపో యీ ప్రశ్న పుట్టక మానదు. మలుపు త్రిప్పునప్పుడు ముందుచక్రమువైపున టకటకమని చప్పుడగును. మెకానిక్కు వంగి చూచి, "యాక్సిల్ పోయిందమ్మా, రీకండిషన్ది వేసేదా, కొత్తది వేసేదా?" యని యడుగును. ఇంటి పురుషులు వెల యడుగుదురు. ఆ సొమ్ము మాత్రము చీటికి కట్టుటకు మనము దాచినదో, పిల్లల బడిరుసుమునకై ప్రత్యేకించినదో యైయుండును. కావున ఉత్తర మిచ్చుటకు ముందు ఇరుసు సంగతి గృహిణి కొంత తెలిసికొనుట యుక్తము.

ఇరుసు మనకు క్రొత్తమాట కాదు. దశరథుని రథమున ఇరుసుచీల యూడిపోగా కైక తన చేతిని ఆ రంధ్రమున నుంచి రథమును నిలిపిన కథ అధ్యాత్మ రామాయణమున నున్నది, వాల్మీకమున లేదు. కారు ఇరుసు పని మఱింత కష్టము. మారుతి 800 వంటి బండిలో ఇంజను బలమును ముందుచక్రములకు చేర్చు కడ్డీలు రెండు కలవు. చక్రము ప్రక్కలకు తిరుగుచున్నను, గోతులలో ఊగుచున్నను బలము తెగరాదు గనుక ప్రతి కడ్డీకిని రెండు కొనల కీళ్లుండును. బయటి కీలులో ఆరు ఉక్కుగుండ్లు గాడులలో దొర్లును. గ్రీజు కారకుండ, దుమ్ము చొరకుండ, పైన రబ్బరు తొడుగు, దీనిని బూటందురు.

మా యింట నున్నదియు మారుతి 800యే. 1983 డిసెంబరులో వెలువడి, 2014 జనవరిలో తయారీ నిలిచినను, ఆ బండి మా వెంకటగిరికోట వీధులలో నేటికిని తిరుగుచున్నది. టమాటతోటల మట్టిబాటలలో మొదట చెడునది ఉక్కు కాదు, రబ్బరు. బూటు చిరిగినంతనే గ్రీజు చక్రము లోపలివైపున చిమ్మును. దుమ్ము గాడులలో చేరి ఉక్కును అరగదీయును. చప్పుడు ఆ తరువాత వచ్చును. చిరుగును ముందే కనిపెట్టినచో కీలును కడిగి, క్రొత్త గ్రీజు నింపి, బూటు మార్చిన చాలును. ఇరుసు కొనుమాటయే లేదు. నెలకొకమారు స్టీరింగును పూర్తిగా ఒకవైపునకు త్రిప్పించి, చక్రము వెనుక తొంగిచూచుట మనకు కష్టము కాదు.

గాడులు అరిగిన తరువాతనే అసలు చిక్కు. రీకండిషన్ అను పేరు పలుపనులకు చెల్లుచున్నది. నిజముగా చేయువాడు అరిగిన గాడులను సానబట్టి, కొంచెము పెద్దగుండ్లను వేసి, క్రొత్త బూటు తొడుగును. అయినను ఆ యుక్కునకు కాఠిన్యము పైపొరలోనే కలదు. సాన లోతుగ పోయినచో ఆ పొర పోయి, అరుగుదల వేగిరపడును. కొందరు ఊరక కడిగి, రంగు పూసి, బూటు మార్చి అమ్ముదురు. విరిచిన బండినుండి తీసిన సెకండ్‌హ్యాండ్ కడ్డీయు ఒక్కొకప్పుడు ఆ పేరుతోనే వచ్చును. రంగు పూసిన తరువాత మూడింటిని గుర్తుపట్టుట బ్రహ్మతరము కాదు.

క్రొత్తదన్నంతనే నమ్మదగినదియు కాదు. కంపెనీ ముద్ర గలది వేరు, పేరుగల విడిభాగముల తయారీదారులది వేరు, ఊరుపేరు లేని పెట్టెలోనిది వేరు. ఈ కడపటిదానికన్న, గాడులు మంచివైనచో, బండితో కార్ఖానానుండి వచ్చిన కడ్డీయే మేలు. అందుచే మా పట్టు ఒక్కటే: ప్రాతదానిని విప్పి చూడక విడువరాదు. రీకండిషన్ దుకాణమువారు దానిని తీసికొని వెల తగ్గించుట ధర్మబుద్ధిచే కాదు. ఆ యుక్కే వారి పెట్టుబడి. కీలును తుడిపించి గాడిలో వ్రేలిగోరు నడుపుడు. నున్నగ సాగినచో బూటు మాత్రము మార్పించుడు. గుంట తగిలినచో బయటి కీలు విడిగా దొరకునేమో మొదట విచారింపుడు. బెంగుళూరు జె.సి. రోడ్డున వెదకవచ్చును. చెన్నై పుదుపేటలో ప్రాత సరకు ఎక్కువ. అచట రసీదుమీద గడువు వ్రాయించుకొనక కదలకుడు.

పూర్తి ఇరుసే కావలసినప్పుడు మేము పేరుగల క్రొత్తదానివైపే మొగ్గుదుము. మా యూరినుండి పేర్ణాంబట్టునకు పోవలెనన్న కనుమ దాటవలెను. ఎక్కుడులో కీలు విరిగినచో ఇంజను తిరుగుచునే యుండును, బండి కదలదు. గేరులో వేసి నిలుపుదమన్నను ఆ పట్టు చక్రమునకు చేరదు. చేతిబ్రేకు, చక్రము క్రింద రాయి, ఇవియే దిక్కు. చీకటివేళ పిల్లలతో అట్లు నిలువవలసివచ్చునని తలచినచో వెలలోని తేడా చిన్నదిగ తోచును. సంతకు, బడికి మాత్రము పోవు బండికైనచో నమ్మకమైనవాడు చేసిన రీకండిషన్ చాలవచ్చును. కాని విప్పి బిగించు కూలి రెండింటికి నొక్కటియే; ఏడాదికే మరల పోయినచో ఆ కూలి రెండుమార్లగును.

బండి యింకెన్నాళ్లుండునో కూడ చూడవలెను. 15 ఏండ్లు నిండిన సొంతకారునకు ఐదేండ్ల కొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెను. దాని రుసుము 2022 ఏప్రిలులో 600 నుండి 5,000 రూపాయలైనది. 20 ఏండ్లు దాటినవానికి 2025 ఆగస్టులో 10,000 చేసిరి. ఆ గడువు దగ్గరపడి, పునరుద్ధరించు తలంపు లేనప్పుడు క్రొత్త ఇరుసు వ్యర్థవ్యయము.

బిగించునప్పుడు దగ్గర నిలుచుట మంచిది. కడ్డీ లాగినప్పుడు గేరుపెట్టె నూనె కారును. అచటి ఆయిల్ సీలు క్రొత్తది వేయించి, కారినంత నూనె మరల పోయింపుడు. చక్రము నడుమ పెద్ద నట్టునకు చీల యుండును. ప్రాతచీలనే చక్కజేసి దూర్చనీయకుడు.