సిగ్నల్ లేని ఊరికి ఫోన్ సర్దుదాం



పొద్దున్నే లేచి ఫోన్‌లో ముందుగా ఏం చూస్తారని ఈ ఏడాది ఎనిమిదో తరగతిలో అడిగాం. కొందరు క్రికెట్ స్కోరన్నారు, కొందరు ఆటలన్నారు. వెనక బెంచీలోని ఒక అమ్మాయి మాత్రం, "రెండో టిక్కు పడిందో లేదో చూస్తాను టీచర్" అంది.

ఆ అమ్మాయి నాన్నగారు భేజ్జి క్యాంపులో ఉన్నారు. రాత్రి పంపిన వాట్సాప్ సందేశం పక్కన ఒక్క టిక్కే ఉంటే, అది ఇంకా ఆయన ఫోన్‌కు చేరలేదని అర్థం. రెండు టిక్కులు పడితే చేరినట్టు. "అంటే నాన్న సిగ్నల్ ఉన్న చోటికి తిరిగొచ్చారన్నమాట" అని ఆ పిల్ల వివరించింది. అప్పటిదాకా నవ్వుతున్న తరగతి ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ టిక్కు కోసం ఎదురుచూసేవాళ్ళు ఆ గదిలో ఇంకా కొందరున్నారు.

భేజ్జి సుక్మా జిల్లా కోంటా బ్లాక్‌లో ఉంది. కోంటా బజారులో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. జాతీయ రహదారి మీద కొంచెం కిందికి వస్తే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు. అంటే భేజ్జి మన భాషకు మరీ దూరమేమీ కాదు. అడవిలోకి వెళ్ళేకొద్దీ మాత్రం సిగ్నల్ ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు.

ఫోన్ ఎక్కువ చూడొద్దని చెప్పే వ్యాసాలు మీరు చాలానే చదివారు. మేమూ రాశాం. ఈసారి వేరే మాట చెప్పాలనుంది. బదిలీ ఉద్యోగాల ఇళ్ళలో ఫోన్ వట్టి కాలక్షేపం కాదు. ఊరు మారినప్పుడు సామానంతా సర్దుకునే ట్రంకు పెట్టె లాంటిది. సిగ్నల్ దండిగా ఉన్నప్పుడు ఎవరైనా ఫోన్ వాడగలరు. సిగ్నల్ లేని రోజున కూడా పనికొచ్చేలా సర్దిపెట్టుకున్నవాళ్ళకే ఫోన్ వాడటం వచ్చినట్టని మా అభిప్రాయం.

ముందుగా సందేశాల సంగతి. వీడియో కాల్ కలవని చోట మామూలు ఎస్సెమ్మెస్ చాలాసార్లు చేరుతుంది. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, సిగ్నల్ కాస్త ఉంటే చాలు. అయితే ఒక లెక్క ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. తెలుగు లిపిలో రాస్తే 70 మాత్రమే. అందులోనూ గుణింతం గుర్తు, పొల్లు, సున్నా, ఖాళీ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'అక్షరం' మన కంటికి మూడే అక్షరాలు, ఫోన్‌కు మాత్రం ఆరు.

"అలాంటప్పుడు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తే పోలేదా టీచర్?" అని మీరు అడుగుతారు. మా తరగతి కుర్రాడు ఒకడు అలాగే చేశాడు. అమ్మమ్మకు కాళ్ళ నొప్పులని వాళ్ళ నాన్నకు రాశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో 'కాళ్ళ'కు, 'కళ్ళ'కు తేడా తెలియలేదు. ఆయన కళ్ళ నొప్పులనుకున్నారు. తిరిగి అడుగుదామంటే సిగ్నల్ పోయింది. చూపు పోతోందేమో, ఆపరేషన్‌కు డబ్బెలా అని రెండు రోజులు ఆయన మథనపడ్డారట. ఒక్క దీర్ఘం ఖరీదు అది. పక్కనే ఉన్న మనిషైతే వెంటనే "ఏంట్రా?" అని అడుగుతాడు. దూరాన ఉన్న మనిషికి అక్షరం ఒక్కటే ఆధారం. అందుకే తెలుగును తెలుగు లిపిలోనే రాయండి. చోటు చాలకపోతే మాటలు తగ్గించండి.

"నాన్నా, అందరం బాగున్నాం. లెక్కల్లో 82 వచ్చాయి. వీలైతే ఫోన్ చెయ్యి." గుర్తులు, ఖాళీలతో సహా లెక్కపెట్టి చూడండి. 66 వస్తాయి. ఇంటి క్షేమం, చదువు సంగతి, కోరిక మూడూ అందులో ఇమిడాయి. మేము చెప్పే సంక్షిప్త రచన పాఠం ఇదే, కాకపోతే ఇక్కడ మార్కులు వేసేది మీ నాన్నగారు.

తెలుగు టైపు చేయడం కష్టమనే అపోహ వదిలేయండి. సెట్టింగ్స్‌లో భాషలు, కీబోర్డు అనే చోటికి వెళ్ళి తెలుగును చేర్చుకుంటే చాలు. చాలా కీబోర్డుల్లో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాసిపెడుతుంది, కానీ పంపేముందు ఒకసారి చదవండి. 'కాళ్ళు', 'కళ్ళు' అక్కడా తారుమారు కావచ్చు.

తెలుగు అక్షరం ఫోన్లను గడగడలాడించిన కథ ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు ఉన్నపళంగా మూతపడ్డాయి. జ్ఞానంలోని 'జ్ఞా'యే! అదే నెల 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి దాన్ని సరిచేసింది. ఈ కథ చెబితే తరగతంతా చప్పట్లు కొడుతుంది. మేము చెప్పదలచుకున్నది మాత్రం వేరు. ఆ మరమ్మతు అప్‌డేట్ చేసుకున్నవాళ్ళకే అందింది. సెలవు మీద వచ్చిన నాన్నగారు తిరిగి బయల్దేరేలోగా వారి ఫోన్ అప్‌డేట్ చేసిపెట్టడం మీ పని అనుకోండి. అక్కడికి వెళ్ళాక అంత డేటా దొరక్కపోవచ్చు.

అలాగే పెట్టెలో సర్దాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి.

పుస్తకాలు: ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యపుస్తకాలు ఉచితంగా దించుకోవచ్చు. 2017లో మొదలైన దీక్షా యాప్‌లోనూ పాఠాలను ముందే దించిపెట్టుకుని తర్వాత ఇంటర్నెట్ లేకుండా చూడొచ్చు. సిమ్ లేని ట్యాబ్ ఇంట్లో ఉంటే దాన్ని ఇందుకే కేటాయించండి. అక్కాతమ్ముళ్ళు పంచుకునే పలక అనుకోండి. దారి కోసం మ్యాప్‌ను కూడా ముందే దించుకోండి.

నంబరు: ఊరు మారినప్పుడల్లా నంబరు మార్చే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. 2015 జులై 3 నుంచి దేశంలో ఏ రాష్ట్రానికి వెళ్ళినా అదే నంబరు ఉంచుకుని కంపెనీ మారే వీలుంది. పాత నంబరు పోతే పాత స్నేహితులూ పోతారు. ఆరు ఊళ్ళు మారిన మాకు ఆ నష్టం తెలుసు. ముఖ్యమైన నంబర్లు నాలుగైదు కాగితం మీదా రాసుకోండి. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్ ఏ నంబరూ చెప్పదు.

ఛార్జింగ్: సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తినేస్తుంది. అలాంటి చోట ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వేళకు ఒకసారి తీసి చూసుకోవడం మేలు. మీ సందేశానికి వెంటనే రెండో టిక్కు పడకపోతే కంగారు పడకండి. నాన్నగారు బ్యాటరీ దాచుకుంటూ ఉండవచ్చు.

ఇక గొంతు. చదవడం రాని నానమ్మకు మీ గొంతు రికార్డు చేసి పంపండి, ఆమె మాటలూ రికార్డు చేసి దాచుకోండి. దీనికి ఖరీదైన ఫోన్ అవసరం లేదని నేర్పింది ఈ నేలే. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర ద్వారా అడవి పల్లెల జనం మామూలు బటన్ ఫోన్‌తోనే తమ ఊరి కబుర్లను, కష్టాలను గోండీలోనూ హిందీలోనూ చెప్పి నమోదు చేశారు. రాతలో అంతగా కనిపించని భాష ఫోన్‌లో వినిపించింది. వాళ్ళు బటన్ ఫోన్‌తో తమ భాషను నిలుపుకుంటుంటే, ఇంత పెద్ద తెర ఉన్న ఫోన్ చేతిలో పెట్టుకుని మనం తెలుగును అందులో ఉంచకపోతే ఎలా?

చివరగా ఒక హెచ్చరిక. మిగతావి మరిచినా ఇది మరవకండి. 2017 మార్చి 11న భేజ్జి దగ్గర, రోడ్డు పనికి రక్షణగా వెళ్ళిన సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు 12 మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళకూ ఇళ్ళున్నాయి, ఆ ఇళ్ళలో ఎదురుచూసేవాళ్ళున్నారు. భేజ్జి పేరు పత్రికల్లో వచ్చేదే, అది రహస్యం కాదు. కానీ మీ నాన్నగారు ఏ రోజు బయల్దేరుతున్నారు, ఏ దారిన వస్తున్నారు, ఎంతమంది ఉన్నారు అన్నవి మీ స్టేటస్‌లో పెట్టాల్సిన సంగతులు కావు. వారు పంపిన ఫొటోలు ఎవరికీ పంపకండి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఫొటో ఎక్కడ తీశారో ఫైల్‌లోనే నమోదవుతుంది. "నాన్న రేపే వస్తున్నారోచ్" అని చెప్పాలనిపిస్తుంది, మాకు తెలుసు. వచ్చాక చెప్పండి.

వచ్చాక మరో పని కూడా చేయండి. ఆ సెలవు రోజుల్లో ఫోన్, ట్యాబ్ అలమారలో పెట్టండి. నెలల తరబడి తెర మీద చూసిన మనిషి ఎదురుగా కూర్చుంటే, మీరు తెర చూస్తూ కూర్చోవడం న్యాయం కాదు. ఈ మాట మీకెంతో మీ నాన్నగార్లకూ అంతే.

ఈ వారం మీకొక ఇంటిపని. దూరాన ఉన్న మీ మనిషికి తెలుగు లిపిలో, 70 దాటకుండా ఒక సందేశం రాయండి. ముందు నోటుబుక్కులో రాసి లెక్కపెట్టండి, తర్వాత పంపండి. మాకు చూపించనక్కర్లేదు. చేరిందో లేదో మాత్రం చెప్పండి.